పంతొమ్మిదో అధ్యాయంలో నవ్వు

సైకిళ్ల దుకాణం పైన, రెండో అంతస్తులో, మాట్లాడే పుస్తకాల గ్రంథాలయం ఉంది. ఇరవై రెండు మెట్లు. పదిహేడో మెట్టు కాస్త పొట్టిది. కొత్తగా వచ్చినవాళ్లు అక్కడ తడబడతారు. పాతవాళ్లు దాన్ని పలకరించినట్టు కాలితో తట్టి పైకి వస్తారు.

మూడు గదులు. మొదటి గదిలో బల్ల, టెలిఫోను, కంప్యూటరు, పేము అల్లిన కుర్చీలు నాలుగు. రెండో గది గోడలకు బొంతలు కొట్టి ఉంటాయి. పుస్తకాలు చదివి రికార్డు చేసేది అక్కడ. మూడో గదిలో ఒకప్పుడు క్యాసెట్లు ఉండేవి. ఇప్పుడు ఖాళీ అలమరాలు ఉన్నాయి. వాన పడితే కిటికీ చప్పుడు ఉంటుంది.

ఈ గదులను ఇరవై ఆరేళ్లుగా చూసుకుంటున్న ఆమెను అందరూ టేపులక్క అంటారు. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. ఆ సంగతి అంతటితో సరి. చెప్పుకోవలసినవి వేరే ఉన్నాయి. తాళంచెవుల గుత్తి గలగలను బట్టి మెట్లెక్కేది ఎవరో చెబుతుంది. టేపు వేగం వెంట్రుకవాసి తగ్గినా పట్టేస్తుంది. పాలు పొంగబోయే ముందు గిన్నె చేసే చప్పుడు ఆమెకు బాగా తెలుసు. అయినా వారానికి రెండుసార్లు పొంగిస్తుంది. ఆ సమయంలో ఇంకేదో వింటూ ఉంటుంది కాబట్టి.

ఆమె భర్త ఇళ్లు మారేవాళ్ల సామాన్లు చేరవేస్తాడు. ఒక పాత వ్యాను, ఇద్దరు మనుషులు, బోలెడన్ని తాళ్లు. పెళ్లయ్యాక ఆమె సామాను పుట్టింటి నుంచి వచ్చింది కూడా ఆ వ్యానులోనే. "ఆ రోజు తెచ్చిన వాటిలో ఇంకా పగలకుండా మిగిలింది నేనొక్కదాన్నే" అని ఆమె అంటుంది. "దించేటప్పుడు జాగ్రత్తగా దించాను కాబట్టి" అని ఆయన అంటాడు.

గ్రంథాలయానికి కంప్యూటరు వచ్చినప్పుడు ఆమెకు ముప్ఫై ఎనిమిదేళ్లు. తెర మీద ఉన్నది చదివి వినిపించే గొంతు ఒకటి అందులో ఉంది. బొమ్మలతో, గడులతో నడిచే వాటి దగ్గర ఆ గొంతు నీళ్లు నమిలేది. నల్ల తెర మీద ఆజ్ఞ టైపు చేసి, జవాబు అక్షరాల్లో తెచ్చుకునే చోట మాత్రం స్పష్టంగా పలికేది. అక్కడ చూపున్నవాళ్లకూ ఆమెకూ తేడా లేదు. ఎవరికైనా ఒక్కో వరుసే. ఆమెకు ఆ నల్ల తెర నచ్చింది. దాన్ని నడిపే భాష నేర్చుకోవాలనిపించింది. ఎక్కడెక్కడో అడిగి సి భాష పుస్తకం ఒకటి తెప్పించింది. దాన్ని ఎవరైనా చదివి పెట్టాలి.

చదివింది పంతులమ్మ. ఆవిడ ముప్ఫై ఏళ్లు బడిలో వ్యాకరణం చెప్పి, ఉద్యోగం అయిపోయాక ఈ బొంతల గదిలో కూర్చుని నూట పధ్నాలుగు పుస్తకాలు చదివి రికార్డు చేసింది. సి భాష ఆవిడకు ఒక్క ముక్క తెలియదు.

"ఇదేం భాషే? కర్త లేదు, క్రియ లేదు. అంతా విరామ చిహ్నాలే" అంది మొదటి రోజు.

"ఆ చిహ్నాలే అసలు సరుకండీ. ఒక్కటి కూడా వదలకుండా చదవాలి."

వదలలేదు. చిన్న బ్రాకెట్ తెరువు, చిన్న బ్రాకెట్ మూయి, పెద్ద బ్రాకెట్ తెరువు అంటూ ఏడు నెలలు చదివింది. సెమీకోలన్ దగ్గర, పద్యం ముగించినట్టు గొంతు దించేది. టేపులక్క సి భాషను ఆ గొంతులోనే నేర్చుకుంది. ఇప్పటికీ టైపు చేస్తూ సెమీకోలన్ రాగానే తల కొంచెం వంచుతుంది.

పంతొమ్మిదో అధ్యాయం ఫైళ్ల గురించి. ఫైలు తెరవడం, చదవడం, రాయడం, మూయడం. అందులో ఒక పెద్ద ఉదాహరణ చివర ఐదు బ్రాకెట్లు వరసగా మూతపడతాయి. పంతులమ్మ బుద్ధిగా మొదలుపెట్టింది. పెద్ద బ్రాకెట్ మూయి. పెద్ద బ్రాకెట్ మూయి. పెద్ద బ్రాకెట్ మూయి. నాలుగోదాని దగ్గర ఆగింది. "ఎన్ని తలుపులే తల్లీ ఈ ఇంటికి!" అని నవ్వడం మొదలుపెట్టింది. ముప్ఫై ఏళ్లు బడిలో దాచిపెట్టిన నవ్వంతా ఒక్కసారి బయటికొచ్చినట్టు నవ్వింది. ఆ తర్వాత నాలుగు వాక్యాలు కూడా నవ్వులోనే చదివేసింది.

"తుడిచెయ్యవే, మళ్లీ చదువుతాను" అంది కళ్లు తుడుచుకుంటూ.

నియమం ప్రకారం తుడిచెయ్యాలి. టేపులక్క తుడవలేదు. "ఉండనివ్వండి. ఈ పుస్తకంలో అర్థమైన చోటు ఇదొక్కటే" అంది.

నవ్వు ఉండిపోయింది.

కొన్నేళ్లకు క్యాసెట్లు అరిగిపోయాయి. అన్నిటినీ కంప్యూటరు డిస్కులోకి ఎక్కించి, క్యాసెట్లు పారేశారు. సభ్యులకు ఇచ్చే నకళ్లు కూడా వెనక్కి రాగానే తుడిచేవారు. మిగిలింది ఆ ఒక్క డిస్కే. రెండోది ఒకటి కొనాలని ప్రతి సమావేశంలోనూ అనుకున్నారు. అనుకుంటూ వచ్చారు.

వెనక్కి రాని నకలు ఒక్కటే ఉంది. అది కుర్చీల బాబాయ్ దగ్గర ఉండిపోయింది. పేముతో కుర్చీలు అల్లే ముసలాయన, ఆయనా గ్రంథాలయం సభ్యుడే. గ్రంథాలయంలో నాలుగు కుర్చీలూ ఆయన చేతివే. తొమ్మిదేళ్ల కిందట డిటెక్టివ్ కథ క్యాసెట్ తీసుకున్నాడు. ప్రతి నెలా ఒకటో తారీఖున టేపులక్క ఫోన్ చేస్తుంది.

"బాబాయ్, డిటెక్టివ్‌ని ఎప్పుడు పంపిస్తావ్?"

"నా దగ్గర డిటెక్టివ్ లేడమ్మాయ్. కావాలంటే వచ్చి ఇల్లంతా వెతుక్కో."

"చీటీలో నీ పేరే ఉంది."

"చీటీలో ఉంటే నేనేం చేసేది? పెట్టెలో లేడుగా!"

"హంతకుడెవరో తెలిసిపోయాక కూడా ఇంట్లో దాచుకోవడమేంటి బాబాయ్?"

"హంతకుడు దొరికితే ముందు నీకే చెప్తా. ఉంటా మరి. పెద్ద బ్రాకెట్ మూసెయ్."

ఎప్పుడూ ఆ మాటతోనే ఫోన్ పెట్టేసేవాడు. తన సి భాష పిచ్చి ఊరందరికీ తెలిసిందే కాబట్టి వెక్కిరిస్తున్నాడనుకుని ఆమె నవ్వి ఊరుకునేది.

ఈ ఏడాది వానలు మొదలైన వారం, డిస్కు లోపల ఒక చిన్న చప్పుడు వినపడింది. గోరుతో పళ్లెం అంచు మీద తట్టినట్టు. గదిలో ఇంకెవరికీ వినపడలేదు. టేపులక్క ఆ రోజే అందరికీ ఫోన్లు చేసింది. ఏళ్ల తరబడి కొనని కొత్త డిస్కు నాలుగు రోజుల్లో వచ్చింది.

ఇక పుస్తకాలను పాత డిస్కు నుంచి కొత్త డిస్కుకు చేర్చాలి. నాలుగు వేల ఫైళ్లు. కంప్యూటరులో అందుకు ఉన్న గడి తెరిస్తే, ఒక పచ్చ గీత మెల్లగా పొడుగవుతుందట. ఆ గీత గురించి గొంతు ఏమీ చెప్పదు. మధ్యలో ఏదో ప్రశ్న అడిగి, జవాబు కోసం కాచుకుని కూర్చుంటుంది. అడిగినట్టు ఆమెకు తెలియదు. నల్ల తెర మీద వాడే ఆజ్ఞలు కూడా ఉన్నాయి. అవి మోసుకుపోతాయి కానీ, మోసింది సరిగ్గా చేరిందో లేదో వెనక్కి తిరిగి చూడవు. జబ్బు చేసిన డిస్కుతో ఆ ధీమా పనికిరాదు.

"నేనే రాస్తాను" అంది ఆమె. రోజూ గ్రంథాలయం తెరవడానికి గంట ముందు వచ్చి, వానను వింటూ రాసింది. ఆ కార్యక్రమానికి హమాలీ అని పేరు పెట్టింది.

"నా పేరే పెట్టావన్నమాట" అన్నాడు భర్త. మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని వచ్చి, ఇద్దరూ అక్కడే తినడం వాళ్ల అలవాటు.

"మీ పేరు పెడితే సగం దారిలో ఆగి కాఫీ తాగొస్తుంది."

"సరేలే. ఏం చేస్తుందది?"

"రెండు పనులు. నకలు తీయమంటే నకలు తీస్తుంది. తరలించమంటే తరలిస్తుంది. ఒకే డిస్కులో అయితే మోత ఏమీ ఉండదు. వస్తువు ఉన్నచోటే ఉంటుంది, పేరు పలక మారుస్తుంది. వేరే డిస్కుకైతే ముక్కముక్కగా మోసి, అక్కడ రాసి, అయిపోగానే ఇక్కడిది తీసేస్తుంది."

ఆయన ముద్ద నోటి దగ్గరే ఆపేశాడు.

"అయిపోగానేనా? అక్కడ దించిన అలమరా తలుపు ఊడిందో, అద్దం పగిలిందో చూడకుండానే ఇక్కడ ఖాళీ చేసేస్తావా? నిన్ను పనిలో పెట్టుకుంటే నేను వ్యాను అమ్ముకోవాల్సిందే."

"మరి మీరేం చేస్తారు?"

"కొత్తింట్లో చీటీ పట్టుకుని ఒక్కోటి సరిచూస్తా. గరిటెతో సహా. ఆ తర్వాతే పాతింటికి తాళం."

ఆ మాటతో ఆమెకు వారం పని పడింది. హమాలీ ఇప్పుడు మోసిన ప్రతిదాన్నీ మళ్లీ తెరిచి, పాతదానితో పక్కపక్కన పెట్టి, చివరిదాకా పోల్చి చూస్తుంది. రెండూ ఒకటే అని తేలాకే పాతదాని జోలికి పోతుంది. మధ్యలో కరెంటు పోతే, మళ్లీ నడిపినప్పుడు సగం దిగినదాన్ని తీసేసి మొదటి నుంచి మొదలుపెడుతుంది. అక్కడ అదే పేరుతో ముందే ఏదైనా ఉంటే ఆగి అడుగుతుంది. అడగొద్దు, మీద రాసెయ్ అని చెప్పే మాట కూడా ఒకటి పెట్టింది. అవసరం వస్తుందని కాదు. ఉంటే మంచిదని.

మొదట్లో హమాలీ వాగుడుకాయ. తెరిచాను, చదివాను, రాశాను, ఇంకో ముక్క చదివాను అని ప్రతి అడుగూ చెప్పేది. గొంతు దాన్నంతా చదివేది. భర్త రెండు నిమిషాలు విన్నాడు.

"మా మేనత్త బస్సెక్కినట్టుంది. టిక్కెట్టు తీసుకున్నా, కిటికీ పక్కన కూర్చున్నా, వంతెనొచ్చింది, వంతెనయిపోయింది..."

ఆమె నవ్వి, మాటలన్నీ తీసేసింది. పని సరిగ్గా జరిగితే హమాలీ ఏమీ మాట్లాడదు. తేడా వస్తేనే నోరు విప్పుతుంది.

"ఈ నియమం మనింట్లో కూడా పెట్టకూడదూ?"

"పెట్టేదాన్నే. తేడా రాని రోజు ఒక్కటుంటేగా!"

పంతులమ్మ వచ్చింది ఆ రోజుల్లోనే. మెట్ల మీద అడుగులు విని టేపులక్క ఎదురెళ్లింది. మూడేళ్ల కిందట గొంతుకు ఆపరేషన్ జరిగిన తర్వాత పంతులమ్మకు మాట పోయింది. ఊపిరి మాత్రమే మాటగా మిగిలింది. పక్కన కూర్చుంటే వినపడుతుంది, అదీ చెవి దగ్గర పెడితే.

"నన్ను నేను ఎప్పుడూ వినలేదే" అంది. "సిగ్గేసేది. ఇప్పుడు వినాలనుంది."

"ఏ పుస్తకం పెట్టమంటారు?"

"ఆ బ్రాకెట్ల పుస్తకం. నేను నవ్విన చోటు. నా నవ్వు ఎలా ఉండేదో గుర్తు రావట్లేదు."

"శుక్రవారం రండి. ఈలోపు అన్నీ కొత్త డిస్కులో ఉంటాయి. దాన్నుంచే వినిపిస్తా" అంది టేపులక్క. ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు చాలా గర్వంగా ఉంది.

శనివారం నాడు ప్రయత్నంగా కొన్ని వందల ఫైళ్లు మోయించి చూసింది. బాగానే జరిగింది. సోమవారం అన్నీ మొదలుపెట్టింది. శనివారం దించినవి అక్కడ ఉండటంతో హమాలీ ప్రతిదాని దగ్గరా ఆగి అడగసాగింది. నలభై సార్లు జవాబు చెప్పి విసుగెత్తి, అడగొద్దు అనే మాట చేర్చింది. ముందుజాగ్రత్తగా తరలించమనలేదు. నకలే తీయమంది. రెండు రోజులు హమాలీ నడిచింది. ఒక్క మాట మాట్లాడలేదు. మంగళవారం సాయంత్రానికి పని అయిపోయింది. ఆ నిశ్శబ్దం ఆమెకు పాటలా ఉంది.

బుధవారం ఉదయం, శుక్రవారం కోసమని, కొత్త డిస్కులోని పంతొమ్మిదో అధ్యాయం తెరిచింది. ఏమీ వినపడలేదు. శబ్దం పెంచింది. ఏమీ లేదు. ఫైలు ఎంత పెద్దదని అడిగింది.

"సున్నా" అంది గొంతు.

పాత డిస్కులోది అడిగింది.

"సున్నా."

మిగతా అధ్యాయాలు చూసింది. అన్నీ ఉన్నాయి. మిగతా పుస్తకాలన్నీ ఉన్నాయి. నాలుగు వేలలో పోయింది అదొక్కటే. కంప్యూటర్లు బాగుచేసే అతను ఫోనులోనే పెదవి విరిచాడు. పాత డిస్కు మీద రోజూ కొత్త రికార్డింగులు పడుతూనే ఉన్నాయి కాబట్టి, ఖాళీ అయిన చోటు ఈపాటికి నిండిపోయి ఉంటుందన్నాడు.

మధ్యాహ్నం భర్త వచ్చేసరికి ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"పాలు పొంగాయా?"

"పంతులమ్మ నవ్వు పోయింది."

సంగతి చెప్పింది. ఆయన క్యారియర్ తెరవలేదు.

"పోల్చి చూసే ఏర్పాటు చేశావుగా?"

"చూసింది. ఇక్కడా సున్నా, అక్కడా సున్నా. రెండూ సమానమే. తేడా లేదు కాబట్టి నోరు మూసుకుంది. అసలు ఇక్కడిది ఎందుకు ఖాళీ అయింది? నేను తరలించమనలేదు. ఇక్కడిదాన్ని అది చదువుతుందే గానీ ముట్టుకోదు."

ఆమె దిగులుగా ఉన్నప్పుడు ఆయనకు తెలిసిన మందు ఒక్కటే. ఏదో ఒక కథ చెప్పడం.

"నేను మేస్త్రీ దగ్గర పని నేర్చుకునే రోజుల్లో జరిగింది. వెనక వీధిలో ఇల్లు ఖాళీ చేసి ముందు వీధిలో ఇంట్లో దించమన్నారు. నంబరు రాసుకున్నది మేస్త్రీ. వ్యాను నింపాం, చుట్టూ తిరిగి ముందు వీధికి పోయాం, తలుపు తీసుంది, దించాం. మళ్లీ వెనక వీధికి, మళ్లీ ముందుకి. మూడో ట్రిప్పుకి వెళ్లి చూస్తే, మొదటి ట్రిప్పులో దించిన అలమరా వెనక గదికి తోసుకొచ్చి మమ్మల్నే చూస్తోంది! ఎంత మోసినా ఇల్లు ఖాళీ కాదే! ఒకటే ఇల్లు. రెండు వీధుల్లోకీ గుమ్మాలున్నాయి. ఆ ఇంటావిడ పాపం, వీళ్లెందుకో దించుతున్నారు, అడ్డం లేకుండా లోపలికి జరుపుదామని జరుపుతోంది."

ఆమె ఆపుకోలేక నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది.

"మళ్లీ చెప్పండి."

"అలమరానా?"

"గుమ్మాలు."

కంప్యూటరు వైపు తిరిగింది. ప్రతి ఫైలుకూ డిస్కులో ఒక నంబరు ఉంటుంది. పేర్లు ఎన్ని ఉన్నా, దారులు ఎన్ని ఉన్నా, నంబరు ఒకటే. పాత దారిలోని అధ్యాయం నంబరు అడిగింది. గొంతు చెప్పింది. కొత్త దారిలోని అధ్యాయం నంబరు అడిగింది. గొంతు మళ్లీ అదే నంబరు చెప్పింది. డిస్కు కూడా అదే.

అప్పుడు గుర్తొచ్చింది. హమాలీ రాస్తున్నన్నాళ్లూ ఆ అధ్యాయాన్ని రోజూ వినేది. ఎక్కడి నుంచైనా తెరుచుకోవడానికి వీలుగా, కొత్త డిస్కులో దాని పేరుతో ఒక దారిగుర్తు తానే పెట్టుకుంది. ఆ పేరు తెరిస్తే పాత డిస్కులోని అధ్యాయమే తెరుచుకుంటుంది. హమాలీ వెనక గుమ్మంలోంచి చదవడానికి తెరిచింది, ముందు గుమ్మంలోంచి రాయడానికి తెరిచింది. రాయడానికి తెరిచినప్పుడు ఇల్లంతా ఊడ్చేసింది. తర్వాత చదవబోతే ఏముంటుంది?

అడగొద్దని తాను అనకపోయి ఉంటే, అది ఆగి అడిగి ఉండేది.

ఆ మధ్యాహ్నమే ఆరు వరుసలు చేర్చింది. ఇక నుంచి హమాలీ ఏ తలుపూ తీయకముందే రెండు నంబర్లూ చూస్తుంది. ఒకటే అయితే, ఎవరేమన్నా సరే, ఇలా అంటుంది: రెండూ ఒకే ఇల్లు. ఎత్తను. ఆ మాట కూర్చింది భర్తే. "ఎత్తలేను అని రాయకు. పరువు పోతుంది" అన్నాడు.

హమాలీ బాగుపడింది. నవ్వు మాత్రం తిరిగి రాలేదు.

గురువారం ఆమె పంతులమ్మకు ఫోన్ చేయాలని మూడుసార్లు రిసీవరు ఎత్తి పెట్టేసింది. ఏమని చెప్పాలి? మీరు నేర్పిన పాఠంతో మీ గొంతే తుడిచేశానని చెప్పాలా? ఆ రోజు ఒకటో తారీఖు. చెయ్యాల్సిన ఫోన్ తప్పించుకోవడానికి, ప్రతి నెలా చేసే ఫోన్ చేసింది.

"బాబాయ్, డిటెక్టివ్ సంగతేంటి?"

"గొంతు అలా ఉందేంటమ్మాయ్? జలుబా?"

"ఏం లేదు. ఇస్తావా ఇవ్వవా?"

"ఉంటే ఇవ్వనా? ఈసారి తిట్టకుండానే వదిలేస్తున్నావంటే ఏదో అయింది. సరే, ఉంటా. పెద్ద బ్రాకెట్ మూసెయ్."

రెండు రోజులుగా ఆమె మనసులో ఆ అధ్యాయం తప్ప ఇంకేమీ లేదు. ఇన్నేళ్లూ వెక్కిరింతగా విన్న మాట ఈసారి వేరేగా వినపడింది. ఆయన ఆ మాట చివర గొంతు దించిన తీరు ఆయనది కాదు.

"బాబాయ్, ఆగు. ఆ మాట నీకెక్కడిది?"

"ఎక్కడిదేంటి? ఆవిడ అంటుందిగా, క్యాసెట్లో."

"ఏ క్యాసెట్లో?"

"నువ్విచ్చిందే. తలుపులు మూస్తూ మూస్తూ నవ్వేస్తుంది చూడు, ఆవిడ. నాకందులో ఒక్క ముక్క అర్థం కాదనుకో. పొద్దున్నే పేము నానబెట్టి ఓసారి వింటా. చెయ్యి తేలికవుతుంది."

ఆమెకు కుర్చీలోంచి లేవాలో కూర్చోవాలో తెలియలేదు. తొమ్మిదేళ్ల కిందట క్యాసెట్ పెట్టెల మీద చుక్కల అక్షరాల చీటీలు అంటించింది ఆమే. డిటెక్టివ్ చీటీ సి భాష క్యాసెట్ మీద పడింది. ఆయన దగ్గర డిటెక్టివ్ లేడంటే నిజంగానే లేడు. తొమ్మిదేళ్లుగా నూటికి నూరు పాళ్లు నిజం చెప్పాడు.

"బాబాయ్! నీ కాళ్లకు దణ్ణం పెడతా, దాన్ని ముట్టుకోకు. వినకు. ఏం చెయ్యకు. వస్తున్నా."

"అదేంటమ్మాయ్, ఇప్పుడు లాక్కుంటావా ఏంటి?" అన్నాడాయన, భయంగా.

భర్త వ్యానులో పావుగంట. కుర్చీల బాబాయ్ గదిలో తొట్టెలో నానుతున్న పేము వాసన. గోడకు ఆనించిన కుర్చీల చట్రాలు. క్యాసెట్ ఆయన చొక్కా జేబులో ఉంది. జేబు మీద చెయ్యి ఉంది. ఆమె జరిగిందంతా చెప్పింది.

"సంగతంతా విన్నాను. పాపం అనిపించింది" అన్నాడు. "కానీ ముందే చెప్తున్నా. నకలు తీసుకో. తరలించడానికి మాత్రం వీల్లేదు."

భర్త గట్టిగా నవ్వాడు. "ఈయన్నే అడిగి రాయాల్సిందే నువ్వు, ఆ కార్యక్రమం!"

క్యాసెట్ ఒంటరిగా రావడానికి ఆయన ఒప్పుకోలేదు. శుక్రవారం తానే తెచ్చాడు. దాన్ని వినిపించే పెట్టె కూడా తెచ్చాడు. విరిగిన మూలకు పేము చుట్టి బిగించిన పెట్టె. పదిహేడో మెట్టును కాలితో తట్టి వచ్చాడు. కాసేపటికి పంతులమ్మ కూడా తట్టి వచ్చింది.

పేము కుర్చీలు బొంతల గదిలోకి జరుపుకుని నలుగురూ కూర్చున్నారు. టేపులక్క పెట్టెకూ మొదటి గదిలోని కంప్యూటరుకూ మధ్య పొడుగాటి తీగ కలిపింది. వింటూ ఉంటే అటు రికార్డవుతుంది. మీట నొక్కే ముందు పంతులమ్మ వైపు తిరిగింది.

"ఒక మాట చెప్పాలి. నేను దీన్ని పోగొట్టాను. ఈ బాబాయ్ లేకపోతే లేదు."

పంతులమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "ముందు పెట్టవే. తర్వాత తిడతాను."

టేపు బుస్సుమంది. ఆ తర్వాత ఆ గొంతు. పంతొమ్మిదో అధ్యాయం, ఫైళ్లు. బడి గంట కొట్టాక తరగతిలోకి అడుగుపెట్టినట్టు నిటారుగా, శుభ్రంగా. కుర్చీల బాబాయ్ మాటలు రాకముందే పెదవులు కదుపుతున్నాడు. ఉదాహరణ మొదలైంది. బ్రాకెట్లు తెరుచుకున్నాయి. చాలాసేపటికి మూతపడటం మొదలైంది. ఒకటి. రెండు. మూడు.

"ఎన్ని తలుపులే తల్లీ ఈ ఇంటికి!"

ఆ నవ్వు గది నిండా పరుచుకుంది. భర్త నవ్వాడు. టేపులక్క నవ్వింది. పంతులమ్మ దగ్గర చప్పుడు లేదు. ఆవిడ కుర్చీ మాత్రం కిర్రు కిర్రు కిర్రుమంది, ఆగకుండా.

"అల్లిక వదులైందనుకోకండి" అన్నాడు కుర్చీల బాబాయ్. "నా కుర్చీ కూడా నవ్వుతోంది."

టేపులో గొంతు ఇంకా నవ్వుతూనే తర్వాతి వాక్యాలు చదువుతోంది. ఆ వాక్యాలను టేపులక్క కొన్ని వందలసార్లు దాటేసింది. ప్రతిసారీ నవ్వుతూనే దాటేసింది. ఈ రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వు ఆపి విన్నది.

"రాయడానికి తెరిస్తే... అబ్బ... అందులో అంతకుముందు ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. కాబట్టి తెరిచేముందు... ఉండవే... అది ఏ ఫైలో ఒకసారి చూసుకోవాలి. సెమీకోలన్. కాదు, ఇక్కడ లేదు."

టేపు తిరుగుతూనే ఉంది.

"ఏమందీ?" అన్నాడు భర్త మెల్లగా.

పంతులమ్మ టేపులక్క చెవి దగ్గరకు వంగింది. ఊపిరిలో ఊపిరిగా వచ్చింది మాట.

"నేను చదివానే. నువ్వే వినలేదు."

టేపులక్క తల వంచింది, సెమీకోలన్ వచ్చినప్పటిలాగే. తర్వాత మళ్లీ నవ్వు మొదలైంది. ఈసారి మొదలుపెట్టింది ఎవరో తెలియదు. చాలాసేపు సాగింది. రెండో వైపు తిప్పడం మర్చిపోయి, క్యాసెట్ టక్కున ఆగేదాకా సాగింది. రెండో వైపు కూడా విన్నారు.

రికార్డయినదాన్ని కొత్త డిస్కులో దాని చోటికి చేర్చమని హమాలీకి చెప్పింది. పాత దారిగుర్తును ముందే తీసేసింది. మీట నొక్కింది. హమాలీ ఏమీ అనలేదు.

"అయిందా?" అన్నాడు కుర్చీల బాబాయ్. "ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"పలక్కపోతే అయినట్టే బాబాయ్" అంది. అని, ఒక క్షణం ఆగి, కొత్త డిస్కులోని అధ్యాయం తెరిచి నవ్వు దగ్గరకు జరిపింది. నవ్వు ఉంది. అక్కడితో ఆపకుండా ఆ తర్వాతి నాలుగు వాక్యాలూ విన్నది.

కుర్చీల బాబాయ్ క్యాసెట్‌ను జేబులో పెట్టుకుని గుండీ పెట్టుకున్నాడు. అసలు డిటెక్టివ్ కథ ఎక్కించి ఇస్తానంటే వద్దన్నాడు. ఈ వయసులో హంతకుల గొడవ తనకెందుకన్నాడు. చీటీ మీద ఆయన పేరు అలాగే ఉంది. ఒకటో తారీఖున ఫోన్ చేయడం మానొద్దని కూడా చెప్పాడు.

ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు వినపడింది. పైనుంచి ఆరో మెట్టు దగ్గర కాలితో ఒక తట్టు. అక్కడి నుంచి కేక వచ్చింది.

"పెద్ద బ్రాకెట్ మూసెయ్యండి!"

బొంతల గదిలో పంతులమ్మ కుర్చీ మళ్లీ కిర్రుమంది.